బిల్బీకి పెట్టిన పేరు

కారు రేడియోలో ఆ పేరు వినపడగానే మా అమ్మ కాలి చెప్పు తీసి రేడియోని కొట్టింది.

ఏదో విసుగ్గా తట్టడం కాదు. దాని గొంతు ఆగేదాకా కొట్టింది. వెనక సీట్లో నేను మా తమ్ముడి కూతురి చెవులు రెండు చేతులతో మూసేశాను. బండి నడుపుతున్న తమ్ముడు సిరిల్ నడిరోడ్డు మీద బ్రేకు తొక్కాడు. వెనక వస్తున్న టూరిస్టు ఎవరో హారన్ మోగించి, కిటికీలోంచి చెయ్యి ఊపుతూ తిట్టుకుంటూ దాటిపోయాడు. ఆస్ట్రేలియా నడిమధ్య మాకు జులై చలికాలం, ఆ సెలవుల్లో ఆలిస్ స్ప్రింగ్స్ ఊరి నిండా వాళ్ళే, బళ్ళ నిండా పిల్లలూ సైకిళ్ళూ వేసుకుని.

రేడియోలో అమ్మాయి చెబుతున్నది మామూలు కబురే. ఈ సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి అని. పాముల ఇంట్లో కొండచిలువని మెడలో వేసుకోవచ్చు. ఎండిన ఏటి ఇసకలో ఒంటె మీద ఊరేగొచ్చు. పాత టెలిగ్రాఫ్ స్టేషను పచ్చికలో కూర్చుని అన్నాలు తినొచ్చు. సాయంత్రమైతే కొండ చీలిక దగ్గర రాళ్ళ మీద గెంతే చిట్టి కంగారూలు, వాలబీలను చూడొచ్చు. ఆ తర్వాత గొంతులో తేనె పోసుకుని, "ఇక స్పినిఫెక్స్ పార్కులో పుట్టిన బుజ్జి బిల్బీని చూడ్డం మరిచిపోకండి, దాని పేరేమిటో తెలుసా..." అంది. పేరు చెప్పింది. పాట పాడినట్టు రెండోసారి కూడా చెప్పింది.

ఆ పేరు నేను ఇక్కడ రాయను. అది మా పెద్దమ్మ పేరు. ఆవిడ పోయి ఇంకా రెండు వారాలు కాలేదు, ఇంకా మట్టిలో పెట్టలేదు. మేం అరండ తెగ ఆదివాసులం, పోయినవాళ్ళ పేరు పలకం. ఏళ్ళ తరబడి పలకం. పిలిస్తే వాళ్ళు వెళ్ళలేరు, ఆగి వెనక్కి చూస్తారు. ఇంట్లో అదే పేరు ఇంకెవరికైనా ఉంటే వాళ్ళ పేరూ పోతుంది. వాళ్ళని కుమన్జాయి అంటాం. అది పేరు కాదు. పేరు ఉండాల్సిన చోట మిగిలిన ఖాళీకి మేం పెట్టుకున్న మాట. నా అరచేతుల మధ్య చెవులు నలుగుతున్న ఏడేళ్ళ పిల్ల ఇప్పుడు కుమన్జాయి. పెద్దమ్మ పేరే పెట్టుకున్నాం దానికి. పెద్దమ్మతో పాటే అదీ పోయింది.

"అత్తా, నొప్పిగా ఉంది, తియ్యి," అంది అది.

అమ్మ చెప్పు మళ్ళీ కాలికి తొడుక్కుంది. మొహం ముందుకే పెట్టి, వెనక్కి తిరక్కుండా అడిగింది. "ఇమెల్డా, ఆ పార్కేగా నువ్వు పనిచేసేది?"

"అదేనమ్మా."

"మా అక్క పనిచేసిందీ అక్కడేగా?"

"నీకు తెలియందేముంది?"

"అయితే పో. పోయి ఆ నోళ్ళు మూయించు. అక్కడ పొగ పెట్టకుండా నేను మా అక్కని మట్టిలో పెట్టను. ఆ పేరు అరుస్తుంటే నేను ఆ గడప తొక్కను. ఇది చెప్పు వాళ్ళకి."

ఇందులో అమ్మ మొండితనం ఏమీ లేదు. పోయిన మనిషి బతికిన ఇంటికీ, పనిచేసిన చోటికీ పచ్చి కొమ్మల పొగ పట్టాలి. అప్పుడే ఆ మనిషి కాలు అక్కడినుంచి కదులుతుంది. తోడబుట్టిన చెల్లెలు ముందు నడవాలి. పెద్దమ్మకి ఉన్న ఒక్క చెల్లెలూ మా అమ్మే. ఎక్కడెక్కడి చుట్టాలో దుప్పట్లూ కుక్కలూ వేసుకుని వచ్చి ఊరి అంచున మావాళ్ళుండే క్యాంపులో కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ ఆసుపత్రి చల్ల గదిలో ఉంది. ఎవరో బిల్బీకి పేరు పెట్టి సరదా పడుతున్నందుకు ఇంతమందీ ఆగాలి.

నేను దిగి నడిచే వెళ్ళాను. కార్లో కూర్చుంటే ఆ కోపం చల్లారిపోతుందేమోనని భయం.

స్పినిఫెక్స్ పార్కు ఊరి చివర, ఎర్ర కొండల కింద ఉంది. నేను అక్కడ గైడుని. పిల్లాజెల్లాతో వచ్చేవాళ్ళని తిప్పుతాను. ముళ్ళ తొండ, ఇసకలో దాక్కునే కప్ప, డేగల ఆట, చివర్లో బిల్బీల చీకటి ఇల్లు. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న మరుగుదొడ్లు ఎక్కడ అని. రెండో ప్రశ్న ఇక్కడ నీళ్ళు లేకుండా మీరు ఎలా బతుకుతారని. ఆ పని నాకు నేర్పింది పెద్దమ్మే. బిల్బీకి కుందేలు చెవులు, ఎలుక మూతి. పగలంతా నిద్రపోతుంది, అందుకని దాని ఇంట్లో దీపాలార్పి పగటిని రాత్రి చేసి పెడతారు. పెద్దమ్మ ఆ చీకట్లో పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టి, "నోళ్ళు ముయ్యండి. మూస్తే వస్తుంది," అనేది. మేయరు మనవలైనా సరే, మంత్రి కూతురైనా సరే. వాళ్ళు మూసేవాళ్ళు. కాసేపటికి అది వచ్చేది. వాళ్ళ ఊపిరి ఆగిపోయేది.

నేను వెళ్ళేసరికి ఆ చీకటి ఇంట్లోంచి కేకలు బయట దారిదాకా వినపడుతున్నాయి. పిల్లలు గాజుకి ముక్కులు ఆనించి ఆ పేరు పెట్టి అరుస్తున్నారు. వెనక నిలబడ్డ తల్లిదండ్రులూ అరుస్తున్నారు. తలుపు మీద 'గట్టిగా పిలవండి, పలుకుతుంది' అని రంగుల కాగితం. లోపల బిల్బీ ఏ బొరియలో చెవులు మడుచుకుని వణుకుతోందో. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

చంకలో పిల్లాణ్ణి ఎత్తుకున్న ఒకావిడ నన్ను పట్టుకుంది. నేనా రోజు పార్కు చొక్కా వేసుకోలేదు. నల్లగా ఉన్నాను కాబట్టి నాకు తెలిసి ఉంటుందనుకుంది.

"ఎంత పిలిచినా రావట్లేదేంటమ్మా ఇది?"

"మీరు పిలుస్తోంది దాన్ని కాదు," అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నేను అర్థం చెప్పే స్థితిలో లేను.

గావిన్ ఆఫీసు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. గావిన్ మా కొత్త మేనేజరు, నిరుడు సముద్రం ఒడ్డు నుంచి వచ్చాడు. అక్కడ నీళ్ళ జారుడుబండల పార్కు నడిపేవాడట. చెడ్డవాడు కాదు. పెద్దమ్మ పోయిందని తెలిసిన రోజు నిజంగానే ఏడ్చాడు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది.

"ఇమెల్డా! రా, రా. ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు? నీకు ఎన్నాళ్ళు సెలవు కావాలంటే అన్నాళ్ళు..."

"ఆ పేరు తీసెయ్."

"ఏ పేరు?"

"నేను పలకలేని పేరు."

అతనికి కాస్త టైం పట్టింది. పట్టాక మొహం వెలిగిపోయింది. "ఓ, బిల్బీదా! విన్నావా మరి? అది ఆవిడ గౌరవం కోసమే. పిల్లలే ఎన్నుకున్నారు. చేతులెత్తించాం. ఒక్క పిల్లకాయ కూడా వేరే పేరు చెప్పలేదు తెలుసా?"

"గావిన్, ఆవిడ పోయింది."

"నాకు తెలీదా? అందుకే గోడ మీది ఆవిడ ఫొటో తీసేయించాను. చీకటింట్లో ఆవిడ గొంతు రికార్డింగు ఆపించాను. ఇక్కడ పోయినవాళ్ళ బొమ్మలుండొచ్చని గేటు దగ్గర హెచ్చరిక కూడా పెట్టించాను. మీవాళ్ళ నియమాలన్నీ చదివాను, ఇమెల్డా."

"ఫొటో గురించి చదివావు, గొంతు గురించి చదివావు. పేరు దగ్గరికొచ్చేసరికి నిద్రొచ్చిందా?"

"చదివాను. కానీ ఇది ఆవిడ పేరు కాదు కదా. బిల్బీ పేరు."

నేను గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. చెయ్యి ఆనించకపోతే ఆ చెయ్యి ఎక్కడికి వెళ్ళేదో నాకు తెలుసు.

"చూడు," అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా. "మా అమ్మమ్మ పేరు మేం మా అమ్మాయికి పెట్టుకున్నాం. దాన్ని పిలిచినప్పుడల్లా మా అమ్మమ్మ ఇంట్లో తిరుగుతున్నట్టు ఉంటుంది. అంతకంటే గౌరవం ఇంకేముంటుంది?"

"మేమూ పెట్టుకున్నాం. మా తమ్ముడి కూతురికి. ఇప్పుడది వాకిట్లో ఆడుకుంటుంటే కూడా ఆ పేరుతో పిలవం. వాళ్ళమ్మ నోట్లోకొచ్చిన పేరు నోట్లోనే మింగేస్తోంది. ఆవిడ ఇంట్లో తిరక్కూడదనే, గావిన్. వెళ్ళాలనే. కన్నపిల్ల పేరు మేం మింగగలిగితే, నీ గంప చెవుల ఎలక్కి పేరు లేకుండా నడవదా?"

"అంటే... నాకు తెలీలేదు."

"ఎవర్ని అడిగి చేశావు?"

"ఇలాంటివన్నీ ఎప్పుడూ ఆవిడనే అడిగేవాణ్ణి," అన్నాడు. అనేసి ఆగిపోయాడు.

"మరి అడక్కపోయావా!"

బయట మళ్ళీ అరుపులు మొదలయ్యాయి.

"నన్ను అడగొచ్చుగా?"

"నువ్వు దుఃఖంలో ఉన్నావు. ఇబ్బంది పెట్టకూడదని. సారీ, ఇమెల్డా. నిజంగా చాలా సారీ."

ఆ మాట వింటే నాకు ఇంకా మండింది. మా ఊళ్ళో సారీ అంటే నోటితో అనే మాట కాదు. మనిషి పోతే చేసే పని. జుట్టు కత్తిరించుకుని, నుదుటికి తెల్ల మట్టి పూసుకుని, పని మానేసి, నేల మీద పరుపేసుకుని వారాల తరబడి కూర్చోవడం. దాన్నే సారీ చేస్తున్నాం అంటాం. వీళ్ళేమో కాలు తొక్కితే సారీ, కాఫీ ఒలికితే సారీ.

"సారీ చేస్తావా? అయితే రా. మా క్యాంపులో పరుపేస్తాను, మా అమ్మ పక్కన కూర్చో," అన్నాను. అతను నవ్వాలో వద్దో తెలీక నా మొహం చూశాడు. "ముందు ఆ కాగితం చింపు. వాళ్ళ అరుపులు ఆపు."

"ఆపిస్తాను. తప్పకుండా ఆపిస్తాను. శనివారం ఒక్కటి గడవనీ. నామకరణం పండగ పెట్టాం కదా, మేయరు వస్తున్నాడు. డార్విన్ నుంచీ అడిలైడ్ నుంచీ పిల్లలతో బయల్దేరి వస్తున్నారు జనం. పాముల ఇల్లూ ఒంటెలూ చూసుకుని అటునుంచి అటే పోయే కుటుంబాలు ఈ ఏడే మన గేటు తొక్కుతున్నాయి. శనివారం తర్వాత మెల్లగా, ఎవరికీ తెలీకుండా తీసేద్దాం."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. గావిన్ పట్టినదానికి కుందేలు చెవులు కూడా ఉన్నాయి, ఇక చెప్పేదేముంది? తలుపు విసిరికొట్టి వచ్చేశాను. అది సరిగ్గా మూసుకోను కూడా లేదు, మెత్తగా వెనక్కొచ్చింది. దానిమీద కూడా కోపం వచ్చింది.

క్యాంపులో చుట్టాలు మంటల చుట్టూ కూర్చుని ఉన్నారు. బూడిదలో కంగారూ తోకలు కాలుతున్నాయి. అమ్మ పరుపు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. కత్తిరించిన జుట్టుతో అమ్మ తల మరీ చిన్నదిగా కనిపించింది. శనివారం మాట చెప్పాను.

"అంటే వాళ్ళ పండగ అయ్యేదాకా మా అక్క ఆ ఐసు పెట్టెలో పడి ఉండాలా?" అంది అమ్మ.

"నేనేం చెయ్యను? నామీద అరుస్తావేం?"

"నీ నోరు ఇంట్లోనే పనిచేస్తుందే. నన్ననమంటే నూటొకటి అంటావు. తెల్లాయన ముందుకెళ్ళేసరికి పిల్లి అయిపోతావు."

"పిల్లినా? గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను తెలుసా, ఆయన్ని కొట్టకుండా ఉండటానికి!"

"కొట్టాల్సింది."

సిరిల్ తోకని బూడిదలో తిప్పుతూ, "పని మానెయ్యి అక్కా. వాళ్ళ ఎలకల్ని వాళ్ళే చూపించుకుంటారు," అన్నాడు.

"మానేస్తే పేరు ఆగుతుందిరా? ఆపేవాళ్ళు కూడా లేకుండా పోతారు."

ఈ మాటలన్నీ వింటూ పిల్ల నా పక్కకి జరిగింది. దాని పేరు పోయిన రోజునుంచీ అది పెద్దగా అడగలేదు, కుమన్జాయి అంటే పలికేది. ఇప్పుడు అడిగింది. "అత్తా, ఆ బిల్బీకి నా పాత పేరు ఇచ్చారా?"

"ఇచ్చారు."

"నాకు వద్దని ఇచ్చారా? మరి అది పెద్దదయ్యాక నాకు మళ్ళీ ఇచ్చేస్తుందా?"

అమ్మ దాన్ని లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. దాని తల మీదుగా నన్ను చూసింది. ఆ చూపులో ఉన్న తిట్టుకి నోటి తిట్లేవీ సాటిరావు.

శనివారం నేను పార్కు చొక్కా ఉతికి వేసుకుని వెళ్ళాను. సెలవు రద్దు చేసుకున్నానని చెప్పాను. గావిన్ పొంగిపోయాడు. నేను మెత్తబడ్డాననుకున్నాడు. మైకు నాకే ఇస్తానన్నాడు, జంతువుల కబుర్లు నేను చెప్పినట్టు ఎవరూ చెప్పరట.

డేగలు ఎగిరే మైదానంలో బెంచీల నిండా కుటుంబాలు. పిల్లల తలల మీద కాగితంతో చేసిన బిల్బీ చెవులు. మేయరు కూడా ఒక జత పెట్టుకున్నాడు. గావిన్ ముందుకొచ్చి, "పిల్లలూ, మన బుజ్జి బిల్బీ పేరేంటి? అందరూ కలిసి, ఒకటి, రెండు..." అన్నాడు. మూడు అనేలోపు నేను మైకు లాక్కున్నాను.

గావిన్‌కి వీపు పెట్టి బెంచీల వైపు తిరిగాను.

"అనకండి," అన్నాను. "ఒక్కరు కూడా అనకండి."

గావిన్ నా మోచెయ్యి పట్టుకోబోయాడు. నేను చూసిన చూపుకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆ పేరు మా పెద్దమ్మది. ఇక్కడే పనిచేసింది, ఆ చీకటింట్లో. మీలో కొందరిని తిట్టి కూర్చోబెట్టి కూడా ఉంటుంది. ఆవిడ చనిపోయింది. ఇంకా మట్టిలో పెట్టలేదు. మా ఇళ్ళల్లో చనిపోయినవాళ్ళ పేరు పలకం. మీరు వారం నుంచీ ఆ పేరు అరుస్తూనే ఉన్నారు. ఇక్కడ అరిస్తే ఆవిడ చెల్లెలికి అక్కడ నొప్పి పుడుతోంది. ఆవిడ చెల్లెలంటే మా అమ్మ."

పెద్దవాళ్ళు నేలచూపులు చూశారు. పిల్లలు నన్నే చూశారు. పిల్లలతో ఇదే సుఖం, సిగ్గుపడి తల దించుకోరు, విషయం ఏమిటో తెలుసుకుంటారు.

మొదటి వరసలో జడలేసుకున్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "ఆవిడకి మామీద కోపం వచ్చిందా?"

"ఆవిడకి కాదమ్మా. నాకొచ్చింది. మీమీద కాదు. మీ చేత అరిపించినవాళ్ళ మీద."

"మీ ఇంట్లో ఇంకెవరికైనా అదే పేరుంటే ఎలా మరి?"

"ఉంది. నీ అంత పిల్లకి. దాన్ని మేం కుమన్జాయి అంటున్నాం. అది పేరు కాదు. పేరు లేదు అని చెప్పే మాట."

మైకులో చెప్పాను. అర్థంతో సహా, ఊరంతా వినేలా చెప్పాను. ఆ పిల్ల తలమీద కాగితం చెవులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పక్కవాడూ తీశాడు. కాసేపటికి మేయరు కూడా తీశాడు, చివర్లో, అందరూ తీసేశాక.

జనం వెళ్ళాక గావిన్ నా దగ్గరికొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. "మేయరు ముందు నా పరువు తీశావు," అన్నాడు. ఆ తర్వాత, "కానీ నువ్వు చెప్పింది నిజమే. ఇక ఆ పేరు ఇక్కడ వినపడదు. నా మాట. మీవాళ్ళని పొగకి రమ్మను. సోమవారం పొద్దున గేటు తెరవకముందే రండి," అన్నాడు. నా కళ్ళముందే తలుపు మీద కాగితం చింపాడు.

నేను నమ్మాను. అమ్మతో చెప్పాను. అమ్మ ఒక్కమాటే అంది. "కొమ్మలు కోసుకురండి."

ఆదివారమంతా సిరిల్, చుట్టాల కుర్రాళ్ళూ ఏటి గట్టున తిరిగి పొగకి వాడే ఈమూ పొదల కొమ్మలు కోసుకొచ్చారు. సోమవారం పొద్దున చలికి గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంది. మూడు బళ్ళలో వెళ్ళాం. ఆడవాళ్ళందరి నుదుళ్ళమీదా తెల్ల మట్టి. అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, తలెత్తుకుని గేటు వైపు నడిచింది. అన్నాళ్ళుగా అమ్మ మొహంలో ఉన్న బిగువు ఆ నాలుగడుగుల్లో కాస్త సడలడం నేను చూశాను.

గేటు పక్కన కొత్త బోర్డు ఉంది. మనిషంత ఎత్తు. పెద్ద చెవుల బిల్బీ నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు.

పిల్లకి ఈ మధ్యే చదవడం వచ్చింది, కనపడ్డ బోర్డునల్లా చదవాలి దానికి. బోర్డు ముందు నిలబడి, వేలుతో అక్షరం అక్షరం తాకుతూ పైకి చదివింది. "హలో... పిల్లలూ... నా పేరు... కుమన్... జాయి. గట్టిగా... పిలవండి."

చదివాక వేలు అక్కడే ఆగిపోయింది. వేలికి పసుపు రంగు అంటుకుంది.

"అత్తా, ఇది నేనుగా?" అంది. "ఇప్పుడు ఇది కూడా దానికే ఇచ్చేశారా? మరి నన్నేమని పిలుస్తారు?"

పేరు తీసుకున్నారు, సరే, తెలీక తీసుకున్నారనుకున్నాం. పేరు లేదన్న మాటని కూడా తీసుకుని రంగేసి నిలబెట్టారు. పోగొట్టుకోవడానికి ఇంకేం మిగిల్చారు ఆ పిల్లకి?

లోపలినుంచి గావిన్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. "వచ్చారా? చూశారా? నిన్నంతా మనిషిని కూర్చోబెట్టి రాయించాను. పాత పేరు ఒక్క చోట కూడా లేదు. ఇమెల్డా చెప్పిన మీ మాటే పెట్టించాను, మీ సంప్రదాయం ప్రకారమే..."

"గావిన్," అన్నాను. "నోరు ముయ్యి."

మూశాడు.

"అది పేరు కాదని మైకులో చెప్పాను. రెండు వందల మంది విన్నారు. జడల పిల్లకి అర్థమైంది. నీకు మాత్రం ఇంకో పేరు దొరికినట్టు వినపడింది. మా ఇంట్లో చావుని కూడా నువ్వు పిల్లలకి బొమ్మ చేసి అమ్ముతావు. మేం ఏడిస్తే ఆ ఏడుపుకీ బోర్డు రాస్తావు."

అతని పెదాలు కదిలాయి. సారీ అనబోయాడని తెలుస్తూనే ఉంది. అనకుండా మింగాడు. ఆ మాత్రం తెలివి వచ్చినందుకు నాకు సంతోషం కలగలేదు.

అమ్మ ఇంతసేపూ బోర్డునే చూస్తోంది. గావిన్ వైపు తిరగలేదు. "సిరిల్, గొడ్డలుందా బండిలో?"

"ఉందమ్మా, కట్టెలకి తెచ్చాను."

"తే."

సిరిల్ తెచ్చాడు. అమ్మ దాన్ని వాడి చేతిలోంచి తీసుకోబోయింది, నేను ముందు తీసుకున్నాను. మొదటి దెబ్బకి బిల్బీ చెవి ఊడింది. రెండో దెబ్బకి కర్ర కాళ్ళు విరిగాయి. తర్వాత నేను లెక్కపెట్టుకోలేదు. ఎవరూ ఆపలేదు. గావిన్ కూడా ఆపలేదు. నా వెనక ఆడవాళ్ళు ఏడుపు ఎత్తుకున్నారు. అసలు సారీ ఏడుపు, కొండకి తగిలి తిరిగొచ్చే ఏడుపు. నేను ఆయాసంతో ఆగేసరికి బోర్డు పలకలైపోయింది.

ఒక కుర్రాడు ఆ పలకలు ఏరి, పొగ కోసం మేం తెచ్చిన మంట డబ్బాలో వెయ్యబోయాడు.

"అందులో వెయ్యకు," అంది అమ్మ. "రంగు కంపు కొడుతుంది. మా అక్కకి మంచి పొగ కావాలి."

నిప్పులమీద పచ్చి కొమ్మలు పడ్డాయి. తెల్లటి పొగ లేచింది. అమ్మ పిల్ల దగ్గరికెళ్ళి, దాని వేలికంటిన రంగుని తన గౌను అంచుతో గట్టిగా తుడిచింది. మా భాషలో నానమ్మ మనవరాలిని ఏమంటుందో, మనవరాలు నానమ్మని అదే అంటుంది. ఇద్దరికీ ఒకటే మాట. అమ్మ ఆ మాట పెట్టి దాన్ని పిలిచింది. "ఇది వాళ్ళు తీసుకోలేరే. నువ్వు లేకపోతే నాకుండదు, నేను లేకపోతే నీకుండదు. నన్ను పిలువు, చూద్దాం."

పిల్ల పిలిచింది. చిన్నగా. అమ్మ పలికింది. దాని చెయ్యి పట్టుకుని పొగ వెనక లోపలికి నడిచింది.

గావిన్ గేటు పక్కకి తప్పుకున్నాడు. మేమంతా దాటుతుంటే వెనకనుంచి అడిగాడు. వెటకారం కాదు, నిజంగా తెలీకే అడిగాడు. "మరి దాన్ని ఏమని పిలవను? పిల్లలు అడుగుతారు."

అమ్మ అప్పుడు మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"అది బిల్బీ," అంది. "బిల్బీ అను."

పొగతో పార్కంతా తిరిగాం. డేగల మైదానం, తొండల గాజు పెట్టెలు, పెద్దమ్మ అన్నం డబ్బా పెట్టుకునే బల్ల. చీకటింట్లోకి అమ్మ పిల్లనొక్కదాన్నే తీసుకుని వెళ్ళింది. చాలాసేపటికి బయటికొచ్చింది. మొహం మీద తెల్ల మట్టి కన్నీళ్ళకి చారలు కట్టి ఉంది. "రేపు మట్టిలో పెడదాం," అంది నాతో.

మేం బళ్ళెక్కుతుండగా గేటు తెరిచారు. వరసలో అందరికంటే ముందు నిలబడ్డ నాలుగేళ్ళ పిల్లాడు నేలమీద విరిగిన బిల్బీ చెవి చూసి గావిన్ చొక్కా లాగాడు. "దాని పేరేంటి?"

గావిన్ నా వైపు చూశాడు. నేను సాయం చెయ్యలేదు. బండెక్కి తలుపు వేసుకున్నాను.